అపూర్వతకు ఆవల: అచ్చుదిమ్మెలు, జనప్రియ సంస్కృతి

హైదరాబాదు పాతబస్తీలోని సాలార్‌జంగ్ మ్యూజియంలో ‘మేలిముసుగు రెబెకా’ను సందర్శకులు సాటిలేని శిల్పంగా చూస్తారు. మొదటి సాలార్‌జంగ్ 1876లో రోములో కొన్న ఈ పాలరాతి శిల్పానికి, శిల్పి బెంజోనీ చేసిన ఇతర ప్రతులు కూడా ఉన్నాయి. వాటిలో ఒకటి అట్లాంటాలోని హై మ్యూజియంలో ఉంది. ఈ సంగతి తెలిసినంత మాత్రాన శిల్పం విలువ తగ్గుతుందా? తగ్గుతుందనిపిస్తే, అపూర్వతనే కళకు ఏకైక ప్రమాణంగా మనం అంగీకరించినట్లు. అనేక ప్రతులుగా వ్యాపించడానికే పుట్టిన కళారూపాల విషయంలో ఈ ప్రమాణం చాలదని నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశం.

అదే మ్యూజియం జపాను వస్తువులకూ ప్రసిద్ధం. ఆ దేశపు కళాచరిత్ర ఈ చర్చకు స్పష్టమైన ఆధారాన్నిస్తుంది. ఎడో యుగంలో (1603–1868) వర్ధిల్లిన ‘ఉకియొ-ఎ’ చిత్రాలలో అధికభాగం కొయ్యదిమ్మెలతో కాగితంపై అచ్చొత్తినవే. పెట్టుబడి ప్రకాశకునిది, గీసేవారు, చెక్కేవారు, అచ్చొత్తేవారు వేరువేరు. 1765 నుంచి సుజుకి హరునొబు చిత్రాలతో బహువర్ణ ముద్రణ స్థిరపడింది. కబుకీ నటులు, విలాసవాటికల సుందరులు, యాత్రాస్థలాలు అందులోని వస్తువులు. నగరవాసులైన వర్తకులు, చేతిపనివారు ప్రధానమైన కొనుగోలుదారులు. జేబులు లేని కిమోనో నడికట్టుకు సంచులను వేలాడదీసే ‘నెట్సుకె’ బిళ్లలపై చెక్కడాలు కూడా నిత్యావసరం నుంచే పుట్టాయి. ఈ కళలో అభిరుచిని నిర్ణయించింది ఆస్థానం కాదు, అంగడి.

తెలుగునాట దీనికి సమీపమైన ఉదాహరణ మచిలీపట్నం, పెడన ప్రాంతాల కలంకారీ అద్దకం. ఇక్కడా టేకు దిమ్మెలు చెక్కేవారు ఒకరు, అద్దేవారు మరొకరు. కరక్కాయ, పాలు పట్టించిన వస్త్రంపై, తుప్పు ఇనుము, బెల్లం ఊరవేసి తీసిన ద్రవంతో నలుపును, పటికతో ఎరుపుకు కావలసిన పునాదిని అద్దుతారు. కుతుబ్‌షాహీల కాలంలో మచిలీపట్నం గోల్కొండ రాజ్యానికి ప్రధానమైన రేవు. పర్షియా విపణి అభిరుచి ఇక్కడి తీగలలో, పువ్వులలో నేటికీ కనిపిస్తుంది. కలంతో పురాణగాథలు గీసే శ్రీకాళహస్తి వస్త్రం సాహిత్య చర్చలో సులభంగా చేరుతుంది. కథ చెప్పని పెడన అద్దకం ‘చేతివృత్తి’ అన్న మాటతోనే ఆగిపోతుంది.

ఇక్కడ ఒక ఆక్షేపణకు అవకాశం ఉంది. సంపన్నులకోసం, విదేశీయులకోసం తయారైన వస్త్రం జనప్రియం ఎలా అవుతుంది? కొనేవారి పేదరికం జనప్రియతకు లక్షణం కాదన్నది దీనికి సమాధానం. జానపద కళలో చేసేవారు, అనుభవించేవారు సాధారణంగా ఒకే సమాజానికి చెందుతారు. జనప్రియ కళలో తయారీదారు తానెరుగని కొనుగోలుదారు అభిరుచిని ఊహించి పనిచేస్తాడు. ఆ ఊహ ఫలించినప్పుడు దిమ్మె మళ్లీ మళ్లీ వాడుకలోకి వస్తుంది; అరిగితే కొత్తది చెక్కుతారు. ఈ భేదాన్ని విస్మరించి, శిష్టం కానిదంతా జానపదమే అనుకోవడం వల్ల విపణి ఆధారంగా బతికిన కళకు మన విమర్శలో స్థానం లేకుండా పోయింది.

ఈ లోపం వస్త్రాలకే పరిమితం కాదు. గుజిలీ ప్రతులుగా పేరుపడిన చౌక పుస్తకాలనూ అదే దృష్టితో చూస్తున్నాం. శుద్ధపాఠాన్ని వెతికే పరిష్కర్తకు అవి తప్పుల పుట్టలు. ఎవరికోసం అచ్చయ్యాయి, మలిముద్రణలో ఏమి మారింది, ఎందుకు మారింది అని అడిగే పరిశోధకునికి మాత్రం అవే పాఠకుల అభిరుచికి సాక్ష్యాలు. దిమ్మెకూ పుస్తక ముద్రణకూ తెలుగులో ‘అచ్చు’ అన్న ఒకే మాట ఉంది. భాష కలిపి ఉంచిన ఈ రెండింటినీ విమర్శ కూడా కలిపి చదవవలసి ఉంది. అరిగిన దిమ్మెలు, చిరిగిన ప్రతులు కనుమరుగయ్యేలోగా వాటిని సేకరించడం అందుకు తొలి మెట్టు.