గౌరవ వేతనం అనే మాట గురించి

తెలుగులో పనికి ఇచ్చే డబ్బుకి బోలెడు మాటలున్నాయి. పొలంలో చేస్తే కూలి, ఆఫీసులో చేస్తే జీతం. పండితుడికి సంభావన, పురోహితుడికి దక్షిణ, రచయితకి (ఇచ్చినప్పుడు) పారితోషికం. ఏ మాట వాడామన్నదాన్ని బట్టి ఇచ్చేవాళ్లెవరో, పుచ్చుకునేవాళ్లెవరో, ఇద్దరి మధ్యా దూరమెంతో తెలిసిపోతుంది. కూలి తక్కువైతే పోట్లాడొచ్చు. సంభావన తక్కువైతే మొహం మాడ్చుకుని రావడమే. ఈ వరసలో నన్ను చాలాకాలంగా ఇబ్బంది పెడుతున్న మాట ‘గౌరవ వేతనం’. పుస్తకాల గురించి రాసుకునే చోట ఒక్క మాట మీద ఇంత రాతేంటి అనుకోవచ్చు మీరు. యాభై ఏళ్లుగా మన ఊళ్లలో లక్షమందికి పైగా ఆడవాళ్ల నెల ఖర్చుల్ని తీర్మానిస్తున్న రచన అది. సమీక్షకి అర్హత ఉందనే అనుకుంటున్నాను.

ముందు ఆ ‘గౌరవ’ సంగతి చూద్దాం. గౌరవాధ్యక్షుడు, గౌరవ సంపాదకుడు, గౌరవ డాక్టరేట్. ఈ గౌరవాలన్నిటి వెనకా ఒక ఊహ ఉంది: ఈయనకి తిండి ఇంకో చోట నుంచి వస్తోంది, ఇక్కడికి పెద్దమనసుతో వచ్చాడు అని. సర్పంచికి ఇచ్చేదాన్ని కూడా గౌరవ వేతనమనే అంటాం, ఆయనకి పొలమో వ్యాపారమో ఉంటుందన్న లెక్కతో. మరి అంగన్‌వాడీ టీచరుకి తిండి ఎక్కణ్ణుంచి వస్తుందని ఆ మాట అనుకుంటోంది? మొగుడి దగ్గర్నుంచి. అది చెప్పకుండానే చెబుతుంది, అందుకే గట్టి మాట. మొగుడు లేనివాళ్లు, వదిలేసినవాళ్లు, మొగుడి తాగుడికి కూడా తామే ఇచ్చేవాళ్లు ఈ ఉద్యోగాల్లో ఎంతమంది ఉన్నా ఆ ఊహకి ఫర్వాలేదు. ‘జీతం’ అనే మాట ‘జీవితం’ నుంచి వచ్చిందని నిఘంటువులు చెబుతాయి. బతకడానికి ఇచ్చేది అని. ‘గౌరవ వేతనం’లో ఎక్కడా బతుకు లేదు.

సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం, అదే ఐసీడీఎస్, 1975 అక్టోబరు 2న 33 ప్రాజెక్టులతో మొదలైంది. ఇప్పుడు దేశంలో దాదాపు 14 లక్షల కేంద్రాలు. ఆంధ్రప్రదేశ్‌లో 55 వేలకు పైగా, తెలంగాణలో 35 వేలకు పైగా. ఊళ్లోనే ఉండే ఒక ఆడమనిషి, రోజుకి కొన్ని గంటలు, వాకిట్లో పిల్లల్ని కూచోబెట్టుకుని... ఇలా ఊహించుకున్నారు. పేరులోనే ఉంది, ‘ఆంగన్’ అంటే ఇంటి ముంగిలి. పనిని ఇంటి వాకిలి దాటి బైటికి రానివ్వని పేరు. వినడానికి మాత్రం ఎంతో ముచ్చటగా ఉంటుంది.

దీనికి సరిగ్గా ఆరు రోజుల ముందు, 1975 సెప్టెంబరు 26న, ఇంకో కాగితం మీద సంతకం జరిగింది. ఆడవాళ్లకీ మగవాళ్లకీ సమాన వేతనం ఇవ్వాలనే ఆర్డినెన్సు. మరుసటి ఏడాది చట్టమైంది, 2019లో వేతనాల కోడ్‌లోకి చేరింది. ఒకే ప్రభుత్వం, ఒకే నెల తిరక్కుండా ఈ రెండూ. ఈ రెండు కాగితాలూ ఒకదానికొకటి ఎప్పుడూ ఎదురుపడలేదంటే కారణం ఆ చట్టంలోని షరతే. ఒకే సంస్థలో, అదే పని, లేదా అదే తరహా పని చేసే మగవాణ్ణి చూపించాలి. 1987లో ఆడ్రీ డికాస్టా అనే స్టెనోగ్రాఫరు సుప్రీంకోర్టులో గెలిచారు, ఎందుకంటే ఆ కంపెనీలోనే మగ స్టెనోగ్రాఫర్లు ఉన్నారు. అంగన్‌వాడీలో ఎవర్ని చూపిస్తారు? టీచరు ఆడమనిషి, ఆయా ఆడమనిషి, ఆఖరికి ఆ ఉద్యోగాల నోటిఫికేషనే ఆడవాళ్లకి మాత్రమే. ఒక పనిని మొత్తంగా ఆడవాళ్లకే ఒప్పజెప్పేస్తే అసమానత మాయమైపోతుంది. పోల్చుకోడానికి మగవాడే లేడు కాబట్టి.

ఈ పని చేసేవాళ్లలో నాకు బాగా తెలిసిన మనిషి మా పిన్ని. ఒంగోలుకి దగ్గర్లో ఒక ఊళ్లో ఇరవై రెండేళ్లుగా అంగన్‌వాడీ టీచరు. కాలేజీలో ఉండగా ఒకసారి ‘నీ జీతమెంత పిన్నీ’ అని అడిగితే, ‘జీతమంటే ఆఫీసులో ఊరుకోరే, గౌరవ వేతనం అనాలి’ అంది. నవ్వుతూనే అంది. మొన్న సంక్రాంతికి వెళ్లినప్పుడు ఆమె రిజిస్టర్లు ముందేసుకుని చదివాను. సర్వే రిజిస్టరు, హాజరు పట్టిక, స్టాకు, టీకాలు, గర్భిణులు, బాలింతలు. అసలు పదకొండు రిజిస్టర్లు, ఇవి చాలక ఫోన్లో పోషణ్ ట్రాకర్. చదవడం నా అలవాటు కాబట్టి వాటినీ చదివినట్టే చదివాను. ఆ ఊరి కథంతా అందులో ఉంది. ఏ ఇంట్లో కోడలు నెల తప్పిందో, ఏ ఇంట్లో పుట్టిన పిల్ల మూడోవారానికి పేరు లేకుండానే గళ్లలోంచి పోయిందో, ఎవరు బెంగళూరు పనికెళ్లి పిల్లల్ని ముసలమ్మ దగ్గర వదిలారో. ‘వలస’ అని ఒక గడిలో రాస్తుంది. ‘తిరిగి వచ్చినారు’ అని నాలుగు నెలలకి ఇంకో గడిలో. విశేషణం లేదు, ఆశ్చర్యార్థకం లేదు. ఈ మధ్య చదివిన చాలా నవలల కన్నా పొదుపుగా ఉంది ఆ తెలుగు.

అందులో నన్ను ఆపేసిన కాలమ్ ఒకటుంది. పిల్లల జబ్బ చుట్టుకొలత. రంగుల టేపు ఒకటుంటుంది. ఆర్నెల్లు దాటి అయిదేళ్ల లోపు పిల్లల్లో కొలత పదకొండున్నర సెంటీమీటర్ల లోపుంటే ఎరుపు, అంటే తీవ్రమైన పోషకాహార లోపం. పన్నెండున్నర దాటితే ఆకుపచ్చ. కొలవడం ఏముంది అనుకున్నాను. పిన్ని చేయించి చూపించింది. భుజానికీ మోచేతికీ సరిగ్గా మధ్యన పట్టుకోవాలి, బిగించకూడదు, వదులు చేయకూడదు, పిల్ల గింజుకుంటూ ఉంటుంది. నేను మూడుసార్లు కొలిస్తే మూడు అంకెలొచ్చాయి. తర్వాత అసలు పని మొదలవుతుంది. ఎరుపులో ఉన్న పిల్ల తల్లికి ‘నీ బిడ్డ బలహీనంగా ఉంది’ అని ఆమె అత్తగారి ముందు చెప్పాలి, ఆ తల్లి మీదికి తిట్లు రాకుండా చెప్పాలి, గుడ్డూ పాలూ బాలామృతమూ ఇంట్లో మగపిల్లాడి వైపు మళ్లకుండా చూడాలి, ఆస్పత్రికి వెళ్లేదాకా వెంటపడాలి. ఇదంతా ‘కౌన్సెలింగ్’ అని ఒక టిక్కు. ఈ పనే ఒక అపార్ట్‌మెంటు కింద అద్దాల గదిలో చేస్తే గంటకింత అని బిల్లు వేస్తారు, గోడకి సర్టిఫికెట్ తగిలిస్తారు.

‘ఆడవాళ్లు కాబట్టి వస్తుందిలే, తల్లిమనసు’ అంటారు దీన్ని. టేపు మీద పదకొండున్నర ఎక్కడుందో తల్లిమనసు చెప్పదు. మనలాంటి రాసే, చదివే వాళ్లకి కూడా ఇక్కడ వాటా ఉందనిపిస్తుంది నాకు. మన పత్రికల్లో వచ్చే అమ్మ కవితలు ఒకసారి వరసగా చదవండి. అమ్మ నిద్రపోదు, అమ్మ తినదు, అమ్మ ఏమీ అడగదు. అడగకపోవడమే అమ్మ లక్షణం అన్నట్టు. అలాంటి కవిత చదివి కళ్లు తుడుచుకున్న ఆఫీసరు పొద్దున్నే లేచి జీవో రాయడని కాదు గానీ, ఆ కవితకీ జీవోకీ పదసంపద ఒకటే: సేవ, త్యాగం, ప్రేమ, గౌరవం. కరోనా రోజుల్లో ఆశా కార్యకర్తలకి శాలువాలు కప్పాం, దేవతలన్నాం. 2022 మేలో ప్రపంచ ఆరోగ్య సంస్థ వాళ్లకి అవార్డు కూడా ఇచ్చింది. అదీ గౌరవమే. శాలువా కప్పించుకున్న మనిషి మర్నాడు బకాయిల గురించి అడిగితే మాత్రం, మన మొహాల్లో ఒక చిన్న నిరాశ కనిపిస్తుంది.

దీనికి ఎదురు నిలబడ్డ సాహిత్యం మనకి లేకపోలేదు. పి. సత్యవతి గారి ‘ఇల్లలకగానే’లో ఇల్లు అలికి అలికి ఒకావిడ తన పేరే మర్చిపోతుంది. రంగనాయకమ్మ గారు ఇంటిపనిని శ్రమగా లెక్కగట్టి చూపించారు. స్త్రీవాద కథ చేసిన పెద్ద పని అదే, వంటింటికి శ్రమ అనే మాట తేవడం. అయితే అదే వంటిల్లు వీధిలోకి వచ్చి, సర్కారు బోర్డు తగిలించుకుని, నెలకింత అని ఇవ్వడం మొదలుపెట్టాక ఏమైంది అన్న కథ ఇంకా బలంగా రావాల్సే ఉంది. ఇంట్లో పేరు పోగొట్టుకున్నావిడ ఇక్కడ ‘టీచరమ్మ’, ‘ఆయమ్మ’ అయింది. పిలుపు మారిస్తే పైసా ఖర్చు లేదు. కార్యకర్తని టీచరు అన్నారు, ఆయాని హెల్పరు అన్నారు. మా పిన్నికి టీచరు అనిపించుకోవడం ఇష్టమే, నేను కాదనను. కానీ ఆమె కేంద్రం ప్రైమరీ స్కూలు ఆవరణలోనే ఉంది. గోడకి అటు ఆరేళ్ల పిల్లలకి చెప్పే టీచరుకి పీఆర్సీ, డీఏ, ఇంక్రిమెంటు. గోడకి ఇటు అయిదేళ్ల పిల్లలకి చెప్పే టీచరుకి గౌరవం. ఆయన డీఎస్సీ రాశాడు, ట్రైనింగ్ చేశాడు, తేడా ఉంటుంది, ఒప్పుకుంటాను. ఎంత తేడా, దేనికెంత అని ఎవరైనా కూర్చుని లెక్క వేశారా అన్నదే నా ప్రశ్న.

ఆ లెక్క వేసిన చోట్లు ఉన్నాయి. న్యూజీలాండ్‌లో వృద్ధుల సంరక్షణ కేంద్రంలో పనిచేసే క్రిస్టీన్ బార్ట్‌లెట్ కోర్టుకెళ్లారు. అక్కడా ఇదే చిక్కు, ఆ పనిలో దాదాపు అందరూ ఆడవాళ్లే. అయితే ఈ పని మగవాళ్లు చేసేదై ఉంటే ఎంత ఇచ్చేవాళ్లు అని, అవసరమైతే వేరే రంగాల వైపు కూడా చూడొచ్చని 2013లో కోర్టు అంది, 2014లో పైకోర్టు సమర్థించింది. 2017లో ప్రభుత్వం దిగొచ్చి 55 వేల మందికి పెంచింది. ఆస్ట్రేలియాలో సామాజిక సేవా రంగంలో పనిచేసేవాళ్లకి 2012 ఫిబ్రవరిలో ట్రిబ్యునల్ 19 నుంచి 41 శాతం దాకా పెంపు ఇచ్చింది, ఎనిమిదేళ్లలో విడతలుగా. ఆడవాళ్ల పని కాబట్టే దీని విలువ తగ్గిందని అక్కడ అధికారికంగా రాశారు. డబ్బు కన్నా ఆ వాక్యం మీద నాకు అసూయ.

మన కోర్టులు రాసిన వాక్యాలు కూడా ఒక సాహిత్యమే. 2006లో కర్ణాటక కేసులో అంగన్‌వాడీ పోస్టులు సివిల్ పోస్టులు కావని సుప్రీంకోర్టు తేల్చింది. 2022 ఏప్రిల్‌లో గుజరాత్ నుంచి వెళ్లిన కేసులో వాళ్లకి గ్రాట్యుటీ హక్కుందని చెప్పింది. ఆ రెండో తీర్పులో నాకు నచ్చిన చోటు చాలా చిన్నది. గ్రాట్యుటీ చట్టంలో ‘వేతనం’ నిర్వచనం కిందికి ఈ గౌరవ వేతనం కూడా వస్తుందంటుంది. పేరు ఏదైనా పెట్టుకోండి, నెలనెలా పనికి ఇచ్చేది వేతనమే అని. గౌరవ అనే విశేషణాన్ని అంత మర్యాదగా పక్కకి జరిపిన వచనం ఇంకోటి చదవలేదు. అంతకు ముందే 2013లో భారత కార్మిక సదస్సు వీళ్లని కార్మికులుగా గుర్తించమని సిఫార్సు చేసింది. సిఫార్సు సిఫార్సుగానే ఉంది.

ఈ మాట అసలు రంగు బైటపడింది మాత్రం కోర్టులో కాదు, రోడ్డు మీద. 2023 డిసెంబరు 12న ఆంధ్రప్రదేశ్‌లో అంగన్‌వాడీలు సమ్మెకి దిగారు. అప్పటికి టీచరుకి 11,500, హెల్పరుకి 7,000. అడిగింది 26 వేల కనీస వేతనం, గ్రాట్యుటీ. సమ్మె నలభై రెండు రోజులు నడిచింది. మధ్యలో, జనవరి 6న, ప్రభుత్వం ఎస్మా ప్రయోగించింది. ఎస్మా అంటే అత్యవసర సేవల చట్టం. నిన్నటిదాకా వీలుచూసుకుని సేవ చేసే గౌరవనీయురాలు, ఒక్క జీవోతో, రాకపోతే శిక్షించాల్సినంత అవసరమైన మనిషి అయిపోయింది. స్వచ్ఛందంగా వచ్చే మనిషికి రాకుండా ఉండే స్వేచ్ఛ కూడా ఉండాలి కదా. డబ్బిచ్చేటప్పుడు వలంటీరు, ఆపినప్పుడు అత్యవసరం. ఈ వైరుధ్యాన్ని అప్పట్లో యూనియన్ల కరపత్రాలు మన సంపాదకీయాల కన్నా సూటిగా పట్టుకున్నాయి.

ఆ సమ్మెకి మద్దతుగా సోషల్ మీడియాలో వచ్చిన పోస్టులు చాలా చదివాను. మంచి మనసుతో రాసినవే. ‘మన పిల్లలకి తల్లులు, వాళ్లని ఏడిపించకండి’, ‘పాపం ఆడవాళ్లు’, ‘చలిలో అక్కచెల్లెళ్లు’. ఒక్కదాంట్లోనూ జబ్బ కొలత లేదు, పదకొండు రిజిస్టర్లు లేవు, బూత్ లెవెల్ ఆఫీసరుగా ఓటర్ల జాబితాలు దిద్దిన ఆదివారాలు లేవు. జాలితో అడిగితే జాలి మేరకే వస్తుంది. సమ్మె విరమించాక హామీలొచ్చాయి, టెంట్లు ఎత్తేశారు. కేంద్రం తన వైపు నుంచి టీచరుకి లెక్కగట్టే మొత్తం 2018 అక్టోబరులో 4,500 అయింది, ఆ తర్వాత ఏళ్ల తరబడి అక్కడే ఉంది. అప్పుడు ఆ పెంపు వార్త వేసిన పేపరు హెడ్డింగులో కూడా ‘కానుక’ అనే ఉంటుందని పందెం కాస్తాను.

కథలు రాసే మిత్రులతో ఈ మధ్య ఈ సంగతి ఎత్తితే, ‘రాద్దామనే ఉంది, కానీ ఆ పనిలో డ్రామా ఏముంది’ అన్నారొకరు. గుడ్లు లెక్కపెట్టడంలో ఉందని చెప్పాను. ట్రేకి ముప్పై గుడ్లు, రెండు పగిలొస్తాయి, బిల్లు ముప్పైకి, పిల్లలు ముప్పై మంది. ఆ రెండు గుడ్లూ ఎవరి డబ్బుతో కొంటుందో రాయమన్నాను.