ఆగడం తెలిసిన ఎర

కృష్ణా డెల్టాలో గాలం పట్టేవాళ్ళు నలుగురు ఒకచోట చేరితే ఎర గురించిన మాట చివరికి రంగు దగ్గరకే చేరుతుంది. కొరమీనుకు ఆకుపచ్చ రబ్బరు కప్పను మించింది లేదని ఒకరంటే, నల్లదాని ముందు ఏదీ నిలవదని ఇంకొకరు పందేనికి దిగుతారు. పండుగప్ప మీద మనసున్నవాళ్ళు ఎర్రతల, తెల్ల ఒళ్ళు ఉన్న ప్లాస్టిక్ చేపపిల్లే కావాలని పట్టుబడతారు. అమ్మేవాళ్ళకూ ఈ తగువు తెగకపోవడమే లాభం, ఒకే ఎర పది రంగుల్లో పదిసార్లు అమ్ముడుపోతుంది. కానీ ఎరను చేతిలోకి తీసుకున్నప్పుడు ముందుగా చూసుకోవాల్సింది వేరే ఉంది: చేప నోటిముందు దీన్ని ఎంతసేపు ఆపి ఉంచగలం? ఆగినప్పుడు కూడా ఇది ప్రాణమున్నట్టు కనిపిస్తుందా? మన పంట కాలువల్లో, మురుగు కాలువల్లో, ఏటి మొగల్లో మాటువేసి వేటాడే చేపలకు బాగా ఈదే ఎర కంటే బాగా ఆగే ఎర మేలు. చేప బతికే తీరు, పాతకాలపు గాలం పద్ధతి, కొత్త ఎరల తయారీ, మూడింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే ఈ మాటకే బలం చేకూరుతుంది.

కొరమీను సంగతే తీసుకుందాం. మొప్పల పైభాగంలో, తల లోపల, నేరుగా గాలి పీల్చుకోవడానికి దానికి ప్రత్యేకమైన అర ఉంది. ఉండి ఉండి పైకొచ్చి గాలి మింగి పోవాల్సిందే. వలలో చిక్కి పైకి రాలేకపోతే నీళ్ళలో ఉండి కూడా ఊపిరాడక చస్తుంది. ఈ ఏర్పాటు ఉండబట్టే మిగతా చేపలు తట్టుకోలేని చోట, అంటే గుర్రపుడెక్క కప్పేసిన డ్రెయిన్లలో, తూటికాడ అల్లుకున్న చెరువు వారల్లో, కాలువలు కట్టేశాక మిగిలే గుంటల్లో అది దర్జాగా కాపురం ఉంటుంది. అలాంటి చోట వెంటపడి తరిమే వేట సాగదు. ఆకుల కింద కదలకుండా ఉండి, దగ్గరకొచ్చినదాన్ని ఒక్క ఉదుటున అందుకుంటుంది. నీళ్ళు బురదగా ఉన్నప్పుడు కంటికంటే ఒంటి పక్కన తలనుంచి తోకదాకా సాగే గీత దానికి ఎక్కువ పనికొస్తుంది, నీటిలో చిన్న అలజడిని కూడా ఆ గీత పసిగడుతుంది. ఇప్పుడు ఎర వైపునుంచి ఆలోచించండి. దుబ్బుల మధ్య జానెడో మూరెడో ఖాళీ. ఆ ఖాళీ దాటేదాకానే ఎర చేపకు అందుబాటులో ఉండేది. గబగబా లాక్కొచ్చిన కప్ప దాన్ని రెప్పపాటులో దాటిపోతుంది, కొరమీను ఒళ్ళు తిప్పి గురి చూసుకునేసరికి అక్కడ ఏమీ మిగలదు. అదే కప్ప అక్కడ ఆగి, ఒకసారి కాళ్ళు విదిలించి, మళ్ళీ ఆగితే చేపకు దిక్కు తెలుస్తుంది, దూరం తెలుస్తుంది, తిరగడానికి వ్యవధి దొరుకుతుంది. అసలు కప్ప ఈదే తీరే అది: ఒక తాపు, కాసేపు తేలడం, మళ్ళీ ఒక తాపు.

రీలు లేని రోజుల్లో పల్లెల్లో కొరమీనుకు వేసిన గాలం ఈ తర్కం మీదే నిలిచింది. పొడవాటి వెదురుకర్ర, దానికి పొట్టిగా కట్టిన గట్టి దారం, కొసన పెద్ద గాలం, దానికి బతికున్న చిన్న కప్ప. గట్టున నిలబడి దుబ్బుల మధ్య ఖాళీలోకి కప్పను దించి, నీటిని తాకీ తాకనట్టు ఆడిస్తారు. విసరడం లేదు, చుట్టి లాగడం లేదు. కర్ర అందినంత మేరే వేట కాబట్టి దూరం పోలేకపోవడం ఒక లోటే, కాకపోతే ఎర ఉన్నచోటే ఉండేటట్టు చేసేది కూడా ఆ లోటే. సాయంత్రం గట్టున పుల్లలు పాతి గాలాలు కట్టి, పొద్దున్నే వెళ్ళి చూసుకునే పద్ధతిలోనైతే ఎర రాత్రంతా ఒకే చోట కొట్టుకుంటూ ఉంటుంది. మద్రాసు ప్రెసిడెన్సీలో సివిల్ సర్వీసు అధికారిగా పనిచేసిన హెన్రీ సల్లివన్ థామస్ 1873లో ‘ది రాడ్ ఇన్ ఇండియా’ రాశాడు, 1887లో చెరువుల్లో గాలం పట్టడం గురించే విడిగా ఇంకో పుస్తకం వేశాడు. దక్షిణాది చెరువు గాలంలో ఒక పుస్తకానికి సరిపడా సరుకు ఉందని ఆనాటికే ఒక దొర గుర్తించాడన్నమాట. మన దగ్గర మాత్రం అది పనిలేనివాళ్ళ పనిగానే మిగిలిపోయింది.

ఇప్పుడు వెదురుకర్ర స్థానంలో రీలు, బతికున్న కప్ప స్థానంలో రబ్బరు కప్ప వచ్చాయి. ఈ రబ్బరు కప్పను ఎంచుకోవడంలోనే అసలు విద్య ఉంది. లోపల డొల్ల, పైన మెత్తటి తోలు, వెనకనుంచి రెండు ముళ్ళు పైకి తిరిగి వీపుకు అతుక్కుని ఉంటాయి. ముళ్ళు పైకి ఉండటం వల్ల ఆకుల మీదుగా లాగినా చిక్కుకోదు, చేప నోట కరిచినప్పుడు తోలు అణిగి మొనలు బయటపడతాయి. కొనేముందు బొటనవేలూ చూపుడువేలూ మధ్య పెట్టి నొక్కి చూడాలి. తేలిగ్గా అణగకుండా మొండికేసే కప్ప ఎంత అందంగా ఉన్నా పక్కన పెట్టేయాల్సిందే, చేప కరిచి ఉమ్మేస్తుంది గాని ముల్లు దిగదు. తర్వాత బకెట్ నీళ్ళలో వదిలి చూడాలి. మూతి కొంచెం పైకి, వెనకభాగం నీటిలోకి వాలి తేలాలి. దారాన్ని వదులుగా ఉంచి కర్ర కొసతో చిన్న కుదుపు ఇస్తే ముందుకు ఉరకకుండా ఉన్నచోటే మూతి అటు తిప్పాలి, ఇంకో కుదుపుకు ఇటు తిప్పాలి. ఇలా తిరిగే కప్పతో జానెడు ఖాళీలోనే నాలుగైదు సార్లు ఆడించవచ్చు. నేరుగా ముందుకే వచ్చే కప్ప రెండు కుదుపులకు ఆ ఖాళీ దాటేస్తుంది. ఇక వెనక కాళ్ళలా వేలాడే సన్నటి రబ్బరు పోగులు. లాగేటప్పుడు అవి ఒంటికి అతుక్కుంటాయి, ఆపగానే నీటిలో విచ్చుకుంటాయి. అంటే కదలిక ఆగిన క్షణంలోనే ఈ ఎరకు ప్రాణం వస్తుంది. తయారీదారు పోగులు పెట్టిందే అందుకు, ఆపకుండా లాగేవాడికి అవి దండగ. ఇక ముల్లు తోలులోంచి బయటికొచ్చే రంధ్రం దగ్గర నీళ్ళు లోపలికి దిగుతాయి, నాలుగు విసుర్లకోసారి నొక్కి పిండకపోతే కప్ప బరువెక్కి వెనక్కి మునుగుతుంది. చాలామంది ఎరను తిట్టుకునేది ఈ పిండటం మరిచిపోయి.

చేప అందుకున్నాక కూడా ఆగడమే. నీళ్ళు బుడుంగుమని పగిలిన శబ్దానికి చేయి దానంతటదే కర్రను ఎగలాగుతుంది, కప్ప ఖాళీగా గాల్లోకి ఎగిరొస్తుంది. కొరమీను కప్పను నోట కరిచి, కిందికి తిరిగి, లోపలికి సర్దుకోవడానికి ఒకటి రెండు క్షణాలు పడుతుంది. దారం ఒక పక్కకు కదలడం చూశాక గట్టిగా లాగాలి. దాని దవడ ఎముక గట్టిది కాబట్టి మొన వాడిగా, కర్ర బిరుసుగా ఉండాలి. దుబ్బుల్లోకి దూరనివ్వకుండా ఈడ్చుకురావడానికి దారం మందంగా ఉండాలి.

పండుగప్పది వేరే కథ, పాఠం మాత్రం ఇదే. నాగాయలంక, ఎదురుమొండి, హంసలదీవి వైపు ఏటి పాయల్లో, మడ చెట్ల వేళ్ళ దగ్గర అది పాటు కోసం కాచుకుంటుంది. నీరు వెనక్కి తీసేటప్పుడు చిన్న పాయల్లోంచి రొయ్యలు, చేపపిల్లలు కొట్టుకొచ్చే మొగల్లో నిలబడితే తిండి దానంతటదే వస్తుంది. పండుగప్ప కరవదు, నోరు ఒక్కసారిగా తెరిచి నీళ్ళతో సహా లోపలికి పీల్చుకుంటుంది. పీలిస్తే లోపలికి పోవాలంటే ఎర దారం బిగువుకు కట్టుబడి ఉండకూడదు, వదులుగా ఉండాలి. అందుకే ఇక్కడ కుదిపి ఆపే రకం ప్లాస్టిక్ చేపపిల్ల నిలుస్తుంది. కర్ర కొసను కిందికి చిన్నగా కుదిపి, వెంటనే దారం వదులు చేస్తే అది పక్కకు తిరిగి పొట్ట తళుక్కుమనిపించి ఆగుతుంది. ఇందులో మూడు రకాలున్నాయి: ఆపితే పైకి తేలేది, ఆపితే కిందికి దిగేది, ఆపితే ఉన్నలోతులోనే నిలిచేది. మడ వేళ్ళ మధ్య తేలేదే క్షేమం, వేరుకు తగిలినా వదిలేస్తే పైకొచ్చేస్తుంది. కొంచెం లోతైన మొగల్లో ఉన్నచోటే నిలిచేదానికి నా ఓటు, చేప కళ్ళముందు అంతసేపు ఉండగలిగేది అదొక్కటే. దిగేదాన్ని నీటి వేగం మరీ ఎక్కువున్న చోటుకే పరిమితం చేయడం మంచిది. మొప్ప మూత అంచు కత్తిలా ఉంటుంది కాబట్టి ఎర ముందు మూరెడు మందపాటి నైలాన్ దారం తప్పనిసరి.

ఈ ఊహ మన ఒక్కరిదే కాదు. ఉత్తర అమెరికా సరస్సుల్లో మస్కీ అనే చేప ఉంది. పది వేల విసుర్లకు ఒకటి పడుతుందని అక్కడి నానుడి. కలుపు వారన మాటువేసే ఆ మొండి చేపకు కూడా వాళ్ళు నమ్ముకునేవాటిలో కుదిపి ఆపే ఎరలు ముఖ్యమైనవి. ఫిన్లాండ్‌లో లౌరీ రాపాలా అనే జాలరి పెద్ద చేపలు గుంపును వదిలేసి, దెబ్బతిని తడబడుతున్న ఒక్క చేప మీదికి వెళ్ళడం గమనించి, 1936లో బెండు చెక్కి, చాక్లెట్ల వెండి కాగితం చుట్టి, కరిగించిన ఫొటో నెగెటివ్‌ల పూత పూసి తన తొలి ఎర తయారుచేశాడు. ఆయన అనుకరించింది చేప అందాన్ని కాదు, దాని తడబాటును.

దీనికి మొదటి అభ్యంతరం రంగు పక్షంవాళ్ళదే: నల్ల కప్పకే ఎక్కువ చేపలు పడ్డాయని లెక్కతో సహా చెబుతారు. ఎక్కువసేపు నీళ్ళలో ఉన్నది ఏ కప్ప అని అడిగితే ఆ లెక్క కొంత సడలుతుంది. నమ్మకమున్న ఎరనే గంటలకొద్దీ వేస్తాం, ఓపిగ్గా ఆపుతాం, మంచి చోటికి దాన్నే విసురుతాం. మిగతావి పెట్టెలో ఉండి ఓడిపోతాయి. అలాగని రంగుకు పనే లేదనడం అన్యాయం, దాని పని నీటిని బట్టి ఉంటుంది. 1855లో బెజవాడ ఆనకట్ట, 1957లో దాని స్థానంలో ప్రకాశం బ్యారేజి వచ్చాక డెల్టా చేప బతుకు కాలువలు వదిలే, కట్టే కాలాన్ని బట్టే నడుస్తోంది. తొలకరికి కాలువలు వదిలాక వరదనీరు మట్టిరంగులో వచ్చినప్పుడు, చీకటి పడే వేళల్లో, కిందనుంచి చూసే చేపకు ఆకాశం మీద నల్లని ఆకారమే స్పష్టంగా కనిపిస్తుంది. ఎండాకాలం గుంటల్లో తేరిన నీటిలో చిన్నది, సహజమైన రంగున్నది నయం. కానీ ఈ తేడా, ఎర సరైన చోట ఆగిన తర్వాత లెక్కలోకి వచ్చేది.

రెండో అభ్యంతరం ఇంతకంటే గట్టిది. వేగంగా లాగితే ఎక్కువ నీటిని వెతకవచ్చు కదా? కొత్త చెరువు దగ్గర ఇది నిజం. చేప ఎక్కడుందో తెలియనప్పుడు వెతుకులాటే సగం పని. మచిలీపట్నం దాటి సముద్రంలోకి వెళ్ళి వంజరం కోసం పడవ వెనక ఎర కట్టి లాగేవాళ్ళకు ఆగమని చెబితే నవ్వుతారు, అది తరిమి కొట్టే చేప. నా మాట మాటువేసే చేపలకే వర్తిస్తుంది. వాటి విషయంలో కూడా వెతకడానికి వేగం, దొరికాక నిదానం అని సర్దుకోవచ్చు.

బతికున్న కప్ప ఉండగా రబ్బరుది ఎందుకన్న ప్రశ్నకు రెండు జవాబులు. కప్పకాళ్ళ ఎగుమతిని భారత ప్రభుత్వం 1987లో నిషేధించింది. పొలాల్లో పురుగుల్ని తినే కప్పలు తగ్గిపోతున్నాయన్నది అప్పటి ఆందోళన. వరి పండే డెల్టాలో కప్పల్ని గాలాలకు గుచ్చడాన్ని సమర్థించుకోవడం ఇక కష్టం. రెండోది, బతికున్న ఎరను చేప కడుపుదాకా మింగేస్తుంది, వదిలేద్దామన్నా బతకదు. రబ్బరు కప్ప ముల్లు ఎక్కువగా పెదవికో దవడకో తగులుతుంది కాబట్టి వదలడమో ఉంచుకోవడమో పట్టినవాడి చేతిలో ఉంటుంది.

వల ఒక్క విసురుతో తెచ్చేదాన్ని గాలంతో రోజంతా కష్టపడి తేవడమెందుకని అడిగేవాళ్ళకు చెప్పాల్సింది కూడా ఇక్కడే ఉంది. వలకు ఏది పడుతుందో ముందు తెలియదు, గాలానికి తెలుస్తుంది, తెలియాలి. వానాకాలంలో చెరువు వారన ఎర్రటి కొరమీను పిల్లలు గుంపుగా పైకి తేలి గాలి మింగుతుంటాయి. వాటి కిందే తల్లో తండ్రో కాపలా ఉంటుంది. ఆ గుంపు మీదికి కప్పను విసిరితే ఆకలి లేకపోయినా కోపంతో మీదికొస్తుంది, అంతకంటే తేలిగ్గా పడే కొరమీను ఏడాది పొడవునా దొరకదు. ఆ విసురు విసరకూడదు. కాపలా పోయిన పిల్లల్ని మిగతా చేపలు, కొంగలు కలిసి ఊడ్చేస్తాయి. తెలంగాణ ఈ చేపను రాష్ట్ర చేపగా ప్రకటించుకుంది. మన కార్పు చెరువుల రైతుకు మాత్రం అది పిల్లల్ని మింగే దొంగ, బజార్లో తొట్టెలో బతికుండగా అమ్మేటప్పుడేమో అందరికంటే ఖరీదైన సరుకు.

పండుగప్ప విషయంలో ఎర ఎంపిక ఇంకో అడుగు ముందుకు పోవాలి. కొన్న ఎరకు సాధారణంగా మూడు ముళ్ళ గాలాలు రెండు వేలాడుతుంటాయి, ఒకటి నోట్లో దిగితే రెండోది కంటికో మొప్పకో గుచ్చుకుంటుంది. వాటిని తీసి బరువు సరిపోయే ఒంటి ముల్లు గాలాలు వేసుకోవచ్చు, మొన వెనక కొంకిని పట్టకారుతో అణగ్గొట్టవచ్చు. మార్చాక బకెట్‌లో మళ్ళీ చూసుకోవాలి. గాలం బరువు తగ్గితే నిలవాల్సిన ఎర తేలడం మొదలుపెడుతుంది, అప్పుడు కొంచెం సీసం తీగ చుట్టి సరిచేయాలి. ఈ శ్రమంతా ఎందుకంటే ఆ చేప మొదట మగదిగా పెరిగి, వయసు, ఒళ్ళు వచ్చాక ఆడదిగా మారుతుంది. ఫొటోకు ఎత్తి చూపించాలనిపించేంత పెద్దవి దాదాపు అన్నీ ఆడవే, గుడ్లు పెట్టడానికి ఏటి మొగ దాటి సముద్రం వైపు వెళ్ళాల్సినవి.