పంది పేగు పనితనం

గన్నవరంలో ఎన్టీఆర్ పశువైద్య కళాశాల ఉందని చాలామందికి తెలుసు. పంచవర్ష ప్రణాళికల తొలి దశకాల్లో దేశం మొత్తం మీద వేళ్ల మీద లెక్కపెట్టేన్ని బేకన్ (పంది మాంసం) ఫ్యాక్టరీలు పెడితే, వాటిలో ఒకటి ఈ ఊరికి వచ్చిందని తెలిసినవాళ్లు తక్కువ. చుట్టూ వరి, వరి వెంట మిల్లులు, మిల్లుల వెంట తవుడు. మొక్కజొన్న ధర పెరిగినప్పుడల్లా పందుల పెంపకందారు చూపు తవుడు బస్తా మీదికి పోతుంది. పంది పిల్లలకు ఎంత కలపొచ్చన్నది వాటి పేగు చెప్పాలి.

పుట్టినప్పుడు ఆ పేగుకు వచ్చిన విద్య ఒకటే, పాలు అరిగించుకోవడం. పాలలోని చక్కెరను విరగ్గొట్టే లాక్టేజ్ పుష్కలంగా ఉంటుంది, పిండిని విరగ్గొట్టే అమైలేజ్ అంతంతమాత్రం. వారాలు గడిచేకొద్దీ ఆ లెక్క తిరగబడుతుంది. పాలు మాన్పించిన మొదటి వారమే గండం. పిల్ల సరిగ్గా తినదు, చిన్నపేగు గోడకున్న విల్లైలు (వేళ్లలాంటి మొలకలు) పొట్టిబడతాయి, విరేచనాలు పట్టుకుంటాయి. అందుకే పిల్లల దాణాలో ముడి పీచు ఐదారు శాతం దాటనివ్వరు.

అసలు పనితనమంతా పెద్దపేగుది. దాన్ని విప్పదీయకముందే చూడాలి. శంఖంలా చుట్టుకుని ఉంటుంది. లావాటి బయటి చుట్లు మొన దాకా వెళ్లి, అక్కడ మలుపు తిరిగి, సన్నబడి లోలోపలి నుంచే వెనక్కి వస్తాయి. ఇంత పొడవును అంత చోటులో సర్దిన తీరుకు నేనైతే ముగ్ధుణ్ణి. చిన్నపేగును కొన్ని గంటల్లో దాటేసిన మేత ఇక్కడ ఒక రోజుకు పైనే నిలుస్తుంది. సూక్ష్మజీవులు పీచును పులియబెట్టి ఎసిటేట్, ప్రొపియోనేట్, బ్యూటిరేట్‌లుగా మారుస్తాయి. బ్యూటిరేట్‌ను ముందుగా వాడుకునేది పేగు గోడ కణాలే. అంటే పీచు తన పని చేసే గోడను తానే పోషించుకుంటుంది. పీచు మేత అలవాటైన పిల్లకు సీకం (పెద్దపేగు మొదట్లో ఉండే సంచి), పెద్దపేగు బరువెక్కుతాయి. ఇదేమీ ఉచితం కాదు. పేగు పెరగడానికి కూడా మేతే ఖర్చవుతుంది, కోతకొచ్చినప్పుడు కడుపు బరువు పోగా మాంసం శాతం కాస్త తగ్గుతుంది.

తవుడంతా ఒకటి కాదు. పాత హల్లర్ మిల్లు తవుడు గుప్పిట నలిపితే ఊక గుచ్చుకుంటుంది. ఊకంటే సిలికా, లిగ్నిన్. వాటిని ఏ సూక్ష్మజీవీ పెద్దగా ముట్టదు. షెల్లర్ మిల్లుది మెత్తగా, నూనె జిడ్డుతో వేళ్లకు అంటుకుంటుంది, మంచిదే కానీ తొందరగా ముక్కిపోతుంది. నూనె తీసిన తవుడు నిల్వకు బాగుంటుంది. అయితే నూనెతో పాటు శక్తి కూడా పోతుంది, మిగిలినదానిలో పీచు వాటా పెరుగుతుంది. నేర్పున్న పెంపకందారు దాన్ని వారం వారం కొద్దికొద్దిగా పెంచుతూ పోతాడు. పేగులో సూక్ష్మజీవుల బలగం కుదురుకోవడానికి ఆ వ్యవధి కావాలి.

ఇక పంది జాతి సంగతి. తిరుపతి వెటర్నరీ కళాశాలలో రూపొందిన టీ-17 పందిలో 75 శాతం లార్జ్ వైట్ యార్క్‌షైర్, 25 శాతం దేశవాళీ రక్తం. ముతక మేతకు తట్టుకుంటుందని దేశవాళీ పందికి ఎప్పటినుంచో పేరు. తవుడు చేతికందే డెల్టాలో చిన్న రైతుకు ఆ పావు వాటా పనికొస్తుందనే నా అంచనా. అచ్చమైన యార్క్‌షైరే కావాలంటే మాత్రం మొక్కజొన్న ఖర్చుకు సిద్ధపడాలి.