వాలు ఉన్నది, చేరిక ఉన్నదా?
లిబియా ఎడారి జలపటముపై ఒక విమర్శ

సహారా తూర్పు భాగమును లిబియా ఎడారి అంటారు. ఈజిప్టు పశ్చిమ భాగము, లిబియా తూర్పు భాగము, వాటికి ఆనుకొని సూడాన్, చాద్ దేశాల ఉత్తర ప్రాంతాలు ఇందులో చేరుతాయి. దీని నడిబొడ్డున సాలీనా అయిదు మిల్లీమీటర్ల వాన కూడ కురియదు. అయినప్పటికీ ఖార్గా, దాఖ్లా, ఫరాఫ్రా, సీవా, కుఫ్రా అనే ఒయాసిసులలో తరతరాలుగా ఖర్జూర తోటలు పచ్చగా నిలిచినవి. కొన్నిచోట్ల బోరు వేస్తే చాలు, నీరు తనంతట తానే పైకి ఉబికి వచ్చేది. ఈ నీరు ఎక్కడిది?

ఈ ప్రశ్నకు శాస్త్రరీతిని సమాధానము వెదికిన తొలి రచనలలో ముఖ్యమైనది జాన్ బాల్ వ్రాసిన వ్యాసము. ఈజిప్టు ఎడారి సర్వేకు అధిపతిగా పనిచేసిన ఈ భూగర్భశాస్త్రజ్ఞుడు దానిని 1927లో లండన్ రాయల్ జాగ్రఫికల్ సొసైటీ పత్రికలో ప్రకటించినాడు. అందులోని జలపటము నేటికీ మెచ్చదగినది. దానినుండి తీసిన తీర్మానము మాత్రము కాలపరీక్షకు నిలువలేదు. ఈ రెంటినీ వేరుచేసి చూడటము సైన్సు విద్యార్థులకు ఎంతో ఉపయోగకరము.

మొదట పటము సంగతి. బావి ఉన్నచోట నేల సముద్రమట్టమునకు ఎంత ఎత్తున ఉన్నదో కనుగొని, అందులోనుండి నీటి లోతును తీసివేస్తే నీటిమట్టపు ఎత్తు వస్తుంది. సమానమైన ఎత్తులను గీతలతో కలిపితే, కొండల ఎత్తులు చూపే పటము వంటిదే నీటికి కూడ తయారవుతుంది. పద్ధతి సులువే. కాని ఆనాడు బావికీ బావికీ నడుమ వందల కిలోమీటర్ల ఇసుక. ఒంటెల బిడారులతో ప్రయాణించినవారు మోసుకువెళ్ళిన వాయుభారమాపకములే చాలాచోట్ల ఎత్తులకు ఆధారము. 1923లో కుఫ్రా మీదుగా ఉవైనాత్ కొండను చేరిన అహ్మద్ హస్సనైన్ యాత్రలో కొలిచిన ఎత్తులను లెక్కకట్టినవాడు కూడ బాలే. ఇంత కొద్ది సామగ్రితో, ఎక్కడో దూరదూరముగా ఉన్న ఒయాసిసుల నీరంతా ఒకే మట్టములోనిదని ఊహించటము గొప్ప సాహసము.

గీతలు నైరుతిలో ఎత్తుగా ఉండి, ఈశాన్యమునకు పోనుపోను దిగుతూ వచ్చినవి. ఒయాసిసుల నీరు తూర్పున పారే నైలు నది ఊట కావచ్చునని ఎవరికైనా తోచుట సహజము. ఈ పటము ఆ భ్రమను తొలగించినది. తరువాతి కాలములో ఎన్నో లోతైన బోర్లు వేసి చూచినప్పుడు కూడ ఈ వాలు యొక్క ప్రధాన స్వరూపము మారలేదు.

ఇక తీర్మానము. నీరు ఎత్తునుండి పల్లమునకు పారుతుంది. వాలు ఎగువకొన చాద్ దేశపు ఎర్డి, ఎన్నెడి ఎత్తు భూముల వైపు ఉన్నది. అక్కడ వేసవిలో కొంత వాన కురుస్తుంది. కాబట్టి ఆ వాననీరే ఇసుకరాయిలోకి ఇంకి, భూగర్భమున ఉత్తరమునకు నడిచి, ఒయాసిసులను పోషిస్తున్నదని బాల్ భావించినాడు.

చదువుటకు లోపము లేని తర్కమువలె కనిపిస్తుంది. కాని ఒక మెట్టు తప్పిపోయినది. వాలు ఉంటే ప్రవాహము ఉన్నదని రుజువవుతుంది. ప్రవాహము ఉన్నంత మాత్రాన ఎగువన కొత్తనీరు చేరుతున్నదని రుజువు కాదు. వానలు వెలిసి నాలుగు నెలలైనా చెరువు తూములో నీరు పారుతూనే ఉంటుంది. తూము దగ్గర నిలిచినవాడు ఆ ధారను చూచి, ఎగువ వాగు నేటికీ పారుతున్నదని చెప్పగలడా? చెరువు మట్టము దిగుతున్నదా, నిలకడగా ఉన్నదా అని చూచి తీరవలెను. బాల్ పటము ఒకనాటి మట్టమును చూపినది. కాలముతోపాటు వచ్చే మార్పును అది చూపలేదు.

ఈ సందేహమునకు కావలసిన గణితము 1927 నాటికి కొత్తది కాదు. రాళ్ళలో, ఇసుకలో నీటి నడకను తెలిపే డార్సీ సూత్రము 1856 నాటిది. సుమారు లెక్కకు వాలు రెండు వేల మీటర్లకు ఒక మీటరు అనుకొందురు గాక. ఇసుకరాయి ప్రసరణ గుణకము రోజుకు ఒక మీటరు. రేణువుల నడుమ ఖాళీ అయిదవ వంతు. అప్పుడు నీరు రోజుకు 2.5 మిల్లీమీటర్లు, ఏడాదికి ఒక మీటరుకు కొంచెము తక్కువ నడుస్తుంది. వెయ్యి కిలోమీటర్లు నడుచుటకు పది లక్షల ఏండ్లు దాటుతుంది! పదవ తరగతి విద్యార్థి నల్లబల్లపై చేయగల లెక్క ఇది. ఇంత నెమ్మదిగా నడిచే నీటికి నేటి వానతో సంబంధము కలుపుట ఎంత కష్టమో దీనివల్ల తెలుస్తుంది.

తరువాతి పరిశోధనలు మూడు వైపులనుండి సాక్ష్యము తెచ్చినవి. మొదటిది భూభౌతిక శాస్త్రము. గురుత్వాకర్షణ, అయస్కాంత కొలతలవల్ల, చమురు అన్వేషణలో పంపిన కంపన తరంగములవల్ల ఇసుకరాతి అడుగున ఉన్న గట్టి ఆధారశిల ఆకారము తెలిసినది. ఈ ఇసుకరాయి ఒకే మందము గల పలక కాదు. కుఫ్రా, దాఖ్లా వంటి హరివాణములలో వేల మీటర్ల మందము గలది. ఉవైనాత్ నుండి అస్వాన్ వైపు సాగిన మిట్టపై పలుచబడినది. దక్షిణమునుండి వచ్చే నీటికి ఈ మిట్ట అడ్డుకట్ట వంటిది.

రెండవది ఐసోటోపుల సాక్ష్యము. 1962లో మ్యూనిక్, ఫోగెల్ అనువారు కార్బన్–14 పద్ధతితో పరీక్షించి, ఈ నీరు వేలకొలది ఏండ్ల నాటిదని తేల్చినారు. కార్బన్ గడియారము సుమారు నలుబది వేల ఏండ్లతో ఆగిపోతుంది. అంతకు మించిన వయస్సును కొలుచుటకు క్రిప్టాన్–81 కావలసివచ్చినది. దాని అర్ధాయువు సుమారు 2,29,000 సంవత్సరములు. 2004లో ప్రకటించిన కొలతలలో ఈజిప్టు పశ్చిమ ఎడారి నీటి వయస్సు రెండు లక్షలనుండి పది లక్షల ఏండ్లవరకు వచ్చినది. నల్లబల్లపై లెక్కకు ఇది ఎంత దగ్గర! అంతేగాక ఈ పాతనీటిలో బరువైన ఆక్సిజను, బరువైన హైడ్రోజను నేటి వాననీటిలోకంటె తక్కువ. అది వేరొక చల్లని, తడి వాతావరణములో కురిసిన వాన.

మూడవది ఆకాశమునుండి వచ్చినది. 1981 నవంబరులో కొలంబియా అంతరిక్ష నౌకలోని రాడారు పొడి ఇసుక పొరను చొచ్చుకొనిపోయి, దాని క్రింద పూడిపోయిన నదీలోయలను చూపినది. అనగా వాన ఈ ఎడారిపైననే ఒకప్పుడు కురిసినది. ఇటువంటి తడికాలములు పలుమార్లు వచ్చిపోయినవి. చివరిది సుమారు అయిదు వేల ఏండ్ల క్రితము ముగిసినది.

అయితే విమర్శ ఒకవైపే సాగరాదు. ఇప్పుడు పలువురు ఈ నీటిని “శిలాజ జలము” అంటున్నారు. ఈ మాట కూడ సగమే నిజము. శిలాజము కదలదు, ఈ నీరు కదులుతున్నది. వేల ఏండ్లు వాన చేరకపోయినా నేటి వాలు మిగిలి ఉండగలదని 1980ల దశకములో కంప్యూటరుపై కట్టిన గణిత నమూనాలు చూపినవి. సీవా, కత్తారా పల్లములలో ఆవిరైపోయే నీరు ఆ వాలును నిలుపుతున్నది. దక్షిణపు అంచులలో నేటికీ స్వల్పముగా వాననీరు ఇంకుతున్నది. కాబట్టి బాల్ చెప్పినది పూర్తిగా అబద్ధమూ కాదు. అతడు చూపిన ఊట ఆ మహాజలరాశిని పోషించుటకు చాలదు, అంతే.

ఈ వివాదము పండితులకే పరిమితమైనది కాదు. చేరిక ఉన్నచో తోడిన నీరు వడ్డీ, లేనిచో అసలు. ఆంధ్ర, తెలంగాణ పల్లెలలో బావి వేసవిలో ఎండి వానకాలములో మళ్ళీ ఊరుతుంది. కుఫ్రా బావికి అటువంటి వానకాలము లేదు. ఖార్గా, దాఖ్లాలలో 1950ల చివరినుండి లోతైన బోర్లు విస్తారముగా వేసిన తరువాత, తనంతట ఉబికిన బావులు ఒక్కొక్కటే ఆగిపోయి పంపులు అవసరమైనవి. లిబియాలో 1984లో మొదలుపెట్టి, 1991లో బెంఘాజీకి నీరు చేర్చిన నాలుగు మీటర్ల వ్యాసము గల గొట్టపు మార్గమునకు “మహా మానవనిర్మిత నది” అని పేరు పెట్టినారు. ఇంజనీర్ల పనితనము ప్రశంసనీయమే. పేరు మాత్రము మోసగించేది. నదికి ఏటేటా వరద వస్తుంది. ఈ గొట్టములోని నీటికి రాదు.

మొత్తము నిలువ 1,50,000 ఘన కిలోమీటర్లని ఒక అంచనా, దానికి రెట్టింపుకు మించినదని మరొక అంచనా. ఇంత పెద్ద సంఖ్యలు చూచి సంతోషించుటకు ముందు వాటిలో ఎంత తోడుటకు వీలైన లోతులో ఉన్నదో, ఎంత ఉప్పునీటికి దగ్గరగా ఉన్నదో అడగవలెను. 2013లో ఈ నాలుగు దేశములు కలసి ఉమ్మడి కార్యక్రమముపై సంతకాలు చేయుటకు కారణము ఇదే.

బాల్ పటమును తరగతిలో చూపదలచిన ఉపాధ్యాయులు మూడు ప్రశ్నలను వేరువేరుగా అడిగించవచ్చును. నీరు ఎటు పారుతున్నది? ఎంత వేగముతో పారుతున్నది? ఎగువన ఏమి చేరుతున్నది? మొదటి ప్రశ్నకు 1927లోనే సరియైన జవాబు వచ్చినది. దానితోనే మూడవదానికి కూడ జవాబు వచ్చినదని అనుకొనుట వల్లనే పొరపాటు జరిగినది.