రంగూను యుద్ధ దృశ్యాల్లో తెలుగు సిపాయి: జోసెఫ్ మూర్ చిత్రమాలిక - ఒక పరిశీలన

యుద్ధకాలంలో గీసిన చిత్రాలను చరిత్రకారులు సాక్ష్యాలుగా, కళావిమర్శకులు ప్రకృతి దృశ్యాలుగా చదివారు. సాహిత్య విద్యార్థి వేయవలసిన ప్రశ్న మరొకటి ఉంది. ఆ చిత్రంలో చూస్తున్నది ఎవరు? కనబడుతున్నది ఎవరు? మొదటి ఆంగ్లో-బర్మా యుద్ధం (1824-26) నాటి బంగాళాఖాతపు ఆవలి తీరాన్ని చిత్రించిన జోసెఫ్ మూర్ రంగూను దృశ్యమాలికను ఈ ప్రశ్నతో పరిశీలించడం ఈ వ్యాస ఉద్దేశం.

మూర్ వృత్తిచేత చిత్రకారుడు కాడు. బ్రిటిష్ 89వ పటాలంలో లెఫ్టినెంటు. రంగూనులోను, దాని పరిసరాల్లోను ఆయన గీసిన పద్దెనిమిది దృశ్యాలు 1825-26లో లండన్‌లో ఆక్వాటింట్ ముద్రణలుగా వెలువడ్డాయి. రాగిరేకుపై సన్నని రెజిన్ పొడి చల్లి, వేడిచేసి, ఆమ్లంతో తినిపించి నీటిరంగుల ఛాయలను తెప్పించే పద్ధతి ఇది. రంగులు చేతితో అద్దేవారు. ఖర్చు ఎక్కువ, ప్రతులు తక్కువ. కొన్నవారు సంపన్నులు, వారికి యుద్ధం గోడకు వేలాడదీయదగినంత అందంగా ఉండాలి. ఈ మాలికలోని మబ్బులను, పగోడాలను, నదిని చూసేటప్పుడు ఈ సంగతి మరవకూడదు. ఆ దండయాత్రలో పోరులో కంటే వ్యాధులతో మరణించినవారే ఎక్కువ. కాని వానాకాలపు జ్వరాలకు ఆక్వాటింట్‌లో చోటు దొరకలేదు.

బెంగాల్, మద్రాసు సేనలు అండమాన్‌లోని పోర్టు కార్న్‌వాలిస్ వద్ద కలుసుకొని, ఆర్చిబాల్డ్ క్యాంప్‌బెల్ నాయకత్వాన 1824 మే నెలలో రంగూను చేరాయి. ఓడలు లంగరెత్తడం, సేనలు ఒడ్డున దిగడం మూర్‌కు చిత్రవస్తువులయ్యాయి. మద్రాసు తీరాన సిపాయిలు ఓడలెక్కిన ఘట్టం మాత్రం చిత్రం కాలేదు. అప్పటికి మద్రాసుకు కట్టిన రేవు లేదు. కొబ్బరిపీచు తాళ్ళతో పలకలు కుట్టిన మసులా పడవల్లో అలల మీదుగా ఓడ దాకా వెళ్ళవలసిందే. జనగామలో పాఠం చెప్పే నాకు, సముద్రం ఎరుగని విద్యార్థుల ముందు ఈ లోటు మరింత స్పష్టంగా తెలుస్తుంది. నేల మీద పుట్టినవాడు మొదటిసారి అల మీద కాలు పెట్టిన క్షణం ఈ చిత్రకథలో లేదు.

మాలికలో నా దృష్టిలో అతి ముఖ్యమైనది యుద్ధదృశ్యం కాదు. అది రంగూను సమీపాన ఒక సరస్సును, తూర్పు బాటలో కొంత భాగాన్ని చూపే చిత్రం. 7వ మద్రాసు నేటివ్ ఇన్‌ఫెంట్రీ ముందు శిబిరం నుంచి గీసినట్లు దాని శీర్షికే చెబుతుంది. మద్రాసు పటాలాల్లో తెలుగువారు, తమిళులు, ముస్లింలు కలిసి ఉండేవారు. అంటే, చిత్రకారుడు నిలబడిన చోటును కాపలా కాచినవారిలో మనవారూ ఉన్నారనుకోవడానికి అవకాశం ఉంది. వారి కాపలా వల్లనే ఆ ప్రశాంత దృశ్యం సాధ్యమైంది. శీర్షికలో పటాలానికి సంఖ్య దక్కింది. సిపాయికి పేరు దక్కలేదు. ఈ వ్యత్యాసాన్ని కేవలం చిత్రకారుని నిర్లక్ష్యంగా కొట్టిపారేయలేము. సేనా వ్యవస్థ సిపాయిని చూసిన తీరే అది.

పేరు లేకపోయినా జాతినామం మిగిలింది. ఉత్తర భారతంలో కంపెనీ సిపాయిని, అతడు ఏ ప్రాంతంవాడైనా, ‘తిలంగా’ అని పిలిచేవారు. ఒక ప్రాంతం పేరు వృత్తినామమై, ఆ ప్రాంతపు మనుషులే అందులో కనబడకుండా పోవడం భాషాచరిత్రలోని విచిత్రం. ఇక బర్మాలో తెలుగువారికి వచ్చిన పేరు ‘కోరంగీ’. అది కాకినాడ సమీపంలోని కోరంగి రేవు నుంచి వచ్చింది. మన తీరాంధ్ర పల్లెల నోట రంగూను ‘రంగం’ అయింది.

మద్రాసు సిపాయి సముద్రం దాటడానికి అభ్యంతరపడలేదన్న మాటను యథాతథంగా స్వీకరించలేము. అదే 1824 నవంబరులో బరాక్‌పూర్‌లో బెంగాల్ సిపాయిలు బర్మా యుద్ధానికి కదలడానికి నిరాకరించినప్పుడు, మతభయంతో పాటు మూటలు మోసే ఎద్దులు, భత్యం వంటి లౌకిక కారణాలూ ఉన్నాయి. ఒకరి నిరాకరణకు ఇన్ని కారణాలు వెదికే చరిత్ర, మరొకరి అంగీకారాన్ని స్వభావంగా తేల్చివేయడం సమంజసం కాదు. జీతం, కరవు, కుటుంబభారం వంటివి అక్కడ కూడా అడగవలసిన ప్రశ్నలే.

బర్మా తెలుగువారి గాథను మనం సాధారణంగా 1852 తరువాతి కూలీల వలసతో, రంగూను మిల్లులతో, రేవు పనితో మొదలుపెడతాం. మూర్ చిత్రాలు ఆ ఆరంభాన్ని మూడు దశాబ్దాలు వెనక్కు జరుపుతాయి. ఆ ఒడ్డున తెలుగు మనిషి మొదట బుట్టతో కాక తుపాకీతో, పరాయి ప్రభుత్వపు దళంలో నిలిచి కనిపిస్తాడు. ఇది గర్వించదగిన ఆరంభం కాదు. అయినా దానిని వదిలి రాసిన వలస చరిత్రలో, ఆ సరస్సు ఒడ్డున కాపలా కాచినవాడు ఇంకా చిత్రం అంచుకు అవతలే ఉండిపోతాడు.