ఎడమచేతి వేళ్ల మీదే రేసంతా

మోటోక్రాస్ ట్రాక్‌లో నాలుగు చక్రాల క్వాడ్ బండి ఆగిపోయేది ఎక్కువగా మలుపులోనే. బ్రేకు నొక్కి, బండిని అడ్డంగా జార్చి, మళ్లీ యాక్సిలేటర్ ఇవ్వబోయేసరికి శబ్దం ఉండదు. వెనక వస్తున్నవాళ్లు పక్కనుంచి దూసుకుపోతుంటారు. అడ్డంగా నిలిచిన బండికి ఎవరైనా గుద్దుకునే ప్రమాదమూ ఉంది. చాలామంది కార్బురేటర్‌ను తిట్టుకుంటారు. అమెరికాలో క్వాడ్ రేసింగ్ నేర్పేవాళ్లు మాత్రం ముందు ఎడమచేతి వేళ్లను చూస్తారు.

స్పోర్ట్ క్వాడ్‌లో వెనక చక్రాలు రెండూ ఒకే ఇరుసుకు బిగించి ఉంటాయి. కార్లలో ఉండే డిఫరెన్షియల్ ఇందులో ఉండదు. బ్రేకు డిస్కూ, చెయిన్ స్ప్రాకెట్టూ ఆ ఇరుసు మీదే. కుడికాలితో బ్రేకు గట్టిగా తొక్కితే ఇరుసు బిగుసుకుంటుంది, దాంతో చెయిను, గేర్‌బాక్సు, చివరికి ఇంజనూ ఆగుతాయి. మధ్యలో ఈ లంకె తెంచగలిగేది క్లచ్ ఒక్కటే. పొలం పనులకు వాడే క్వాడ్‌లలో చాలావాటికి బెల్టుతో నడిచే ఆటోమేటిక్ గేర్లుంటాయి కాబట్టి ఈ బాధ లేదు. రేసు బండిలో క్లచ్ రైడర్ బాధ్యత. అందుకే కాలు బ్రేకు మీద పడిందంటే ఎడమచేతి చూపుడు, మధ్య వేళ్లు క్లచ్ లాగి ఉండాలన్నది మొదటి పాఠం. రెండూ ఒకే కదలికగా రావాలి. మిగతా వేళ్లు హ్యాండిల్‌ను వదలకూడదు.

ఈ అలవాటు టూస్ట్రోక్ కాలంలోనే పడింది. 1985లో సుజుకి ఎల్‌టీ250ఆర్, 1986లో హోండా టీఆర్‌ఎక్స్250ఆర్ వచ్చాయి. వాటి బలమంతా పై ఆర్పీఎంలో ఉండేది. కింద ఇంజన్ నీరసించేది. అందుకని మలుపులోంచి బయటికొచ్చేటప్పుడు హాఫ్ క్లచ్‌లో ఇంజన్‌ను రేజ్ చేస్తూ నడిపేవారు. 2004లో యమహా వైఎఫ్‌జెడ్450 లాంటి ఫోర్‌స్ట్రోక్ బండ్లు వచ్చాక తగులుకున్న చిక్కు వేరు. కంప్రెషన్ ఎక్కువ, లోపల తిరిగే భాగాల బరువు తక్కువ. యాక్సిలేటర్ ఇవ్వగానే ఎంత చురుగ్గా లేస్తుందో, వదిలితే అంత చురుగ్గా పడిపోతుంది. చిక్కు మారినా మందు మాత్రం పాతదే, హాఫ్ క్లచ్.

బ్రేకుతో పాటే క్లచ్ అన్న సూత్రం గాల్లోనూ వర్తిస్తుంది. జంప్‌లో ముందుభాగం మరీ పైకి లేస్తే రైడర్ వెనక బ్రేకును ఒక్కసారి తాకుతాడు. తిరుగుతున్న చక్రాలు ఆగగానే ముక్కు కిందికి వాలుతుంది. అయితే ఆ తాకిడికి ముందే క్లచ్ లాగి ఉండాలి. లేకపోతే ఇంజన్ గాల్లోనే ఆగిపోయి, దిగేసరికి చక్రాలకు బలముండదు.

అడవి దారుల్లో సాగే జీఎన్‌సీసీ అనే పోటీల్లో మొదలే ఆగిన ఇంజన్‌తో. జెండా ఊపాకే బండి స్టార్ట్ చేయాలి. సెల్ఫ్ ఉన్న బండిని గేరులోనే పెట్టి, క్లచ్ లాగి, బటన్ నొక్కుతారు. దారిలో ఆగిపోయినప్పుడూ ఇదే సాధన అక్కరకొస్తుంది. న్యూట్రల్ వెతుక్కుంటూ కూర్చునే పని తప్పుతుంది.

చేతులు సరిగ్గా ఉన్నా బండి మోసం చేయవచ్చు. క్లచ్ కేబుల్ వదులైతే, లివర్ పూర్తిగా లాగినా ప్లేట్లు విడిపోవు. అప్పుడు స్టార్టింగ్ గేటు దగ్గర గేరు వేయగానే బండి ముందుకు లాగి ఆగిపోతుంది. లివర్‌కు కంపెనీ పుస్తకంలో చెప్పినంత ఖాళీ కదలికే ఉంచి, బండి వేడెక్కాక మరోసారి చూడాలి. స్లో స్పీడ్ మరీ తక్కువ పెట్టకూడదు. పెట్రోల్ ట్యాంకు మూత గాలి పైపులో బురద చేరితే పెట్రోల్ దిగదు, ఇంజన్ ఉన్నట్టుండి దగ్గి ఆగుతుంది. వేడి మీద స్టార్ట్ కావడానికి మొరాయిస్తుంటే వాల్వ్ క్లియరెన్స్ తగ్గిందేమో కొలవాలి. కిల్ స్విచ్ తాడు కూడా చూసుకోవాలి. రైడర్ పడితే ఇంజన్‌ను ఆపి ప్రాణం కాపాడేది అదే. కానీ అది పొట్టిగా ఉంటే మలుపులో ఒళ్లు బయటికి వంచినప్పుడు ఊడి, నడుస్తున్న బండిని ఆపేస్తుంది.

ఇప్పుడు ఆర్పీఎం పడిపోగానే తనంతట తానే విడిపోయే ఆటో క్లచ్‌లు దొరుకుతున్నాయి. అలసిపోయిన చేతికి అవి మేలే. అయితే ఇంజన్ ఆగకుండా చూడటం ఈ విద్యలో సగమే. జారుడు మట్టిలో ఎంత బలం చక్రాలకు పంపాలి, గట్టి నేల తగలగానే ఎంత పెంచాలి అన్న లెక్క మిగతా సగం. బ్రేకుతో పాటు క్లచ్ లాగడం నేర్చిన వేళ్లకు ఆ లెక్క కూడా దాంతోపాటే అబ్బుతుంది. అందుకే ఆటో క్లచ్ కొనగలిగినవాడు కూడా ముందు మామూలు క్లచ్ మీద చేయి తిరిగేలా సాధన చేయడం మంచిది.