విషయసూచికలో ‘సిద్ధాంతం’ ఎక్కడ?

కొమర్రాజు లక్ష్మణరావుగారి ‘ఆంధ్ర విజ్ఞాన సర్వస్వము’ అకారం దాటకముందే 1923లో ఆయన కన్నుమూశారు. అకారాది క్రమానికి ఉన్న ఇబ్బంది అక్కడే తెలుస్తుంది. ‘పరిశీలన’, ‘ప్రయోగం’, ‘సిద్ధాంతం’ ఒకే అంశానికి చెందినవే అయినా, వేర్వేరు సంపుటాల కోసం ఏళ్ల తరబడి కాచుకోవాలి. తరవాత తెలుగు భాషా సమితి విషయాలవారీగా సంపుటాలు వేసింది. అది మంచి మార్పే. అచ్చయిన పుటను దిద్దడం మాత్రం ఎవరి చేతిలోనూ లేదు. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియా ఆ అడ్డు తొలగించింది. ఎవరైనా చేర్చవచ్చు, ఎవరైనా దిద్దవచ్చు, పాత పాఠం కూడా నిలిచి ఉంటుంది.

అయితే శాస్త్రీయ పద్ధతి వంటి అంశానికి పదిమంది కలిసి విషయసూచిక కట్టేటప్పుడు ఇంగ్లీషు శీర్షికలను వరసగా అనువదించి పేర్చడమే పని అనుకుంటే చిక్కే. మన శాస్త్రగ్రంథాల్లో సిద్ధాంతం అంటే పూర్వపక్షాన్ని ఖండించి తేల్చిన నిర్ణయం. విజ్ఞానశాస్త్రంలో అదే మాట, కొత్త సాక్ష్యం వస్తే మారగల వివరణకు పేరు. (పంచాంగం రాసే సిద్ధాంతిగారి సంగతి సరేసరి.) ఈ తేడా చెప్పని సూచిక విద్యార్థిని తప్పుదారి పట్టిస్తుంది. వ్యాకరణంలో కర్తరి, కర్మణి అనే ‘ప్రయోగం’ వేరు, ప్రయోగశాలలోది వేరు అని కూడా రాయాలి.

అన్నిటికన్నా ఇబ్బందికరమైన మాట ‘నియంత్రణ’. తుంగభద్ర కాలువ కింద వరి పండించే సిరుగుప్ప రైతు ఒక మడిలో కొత్త ఎరువు వేసి, పక్క మడిని ఎప్పటిలాగే వదిలాడనుకుందాం. నేల, నీరు, విత్తనం రెంటికీ ఒకటే. ఆ వదిలిన మడి లేకపోతే దిగుబడి ఎరువు వల్ల పెరిగిందో, కాలం కలిసివచ్చి పెరిగిందో చెప్పలేం. పుస్తకభాష దాన్ని ‘నియంత్రణ మడి’ అంటుంది. నియంత్రణ అనగానే అదుపు గుర్తుకు వస్తుంది గాని, పోలిక తట్టదు. ‘పోలిక మడి’ అంటే వివరణే అక్కరలేదు. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం నడిచే ఈ తాలూకా పిల్లవాడికి అది మరీ సుళువు.

1962లో భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వంలో వెలువడిన మాండలిక వృత్తిపదకోశం మొదటి సంపుటం వ్యవసాయపదాలదే. ఊళ్లకు వెళ్లి రైతులనడిగి కూర్చిన కోశమది. పరిశీలన, సేకరణ, పోల్చి చూడడం: శాస్త్రీయ పద్ధతికి తెలుగులో ఇంతకన్న మంచి ఉదాహరణ వెతకనక్కరలేదు. కాని అది ఆంధ్రప్రదేశ్ జిల్లాల పని. 1953లోనే మైసూరు రాష్ట్రంలో చేరిన బళ్లారి సీమ తెలుగు దాని పరిధికి వెలుపలిది.

ఆ లోటు ఇక్కడి విద్యార్థులే పూరించగలరు. ‘పోలిక మడి’ నేను సూచించిన మాట మాత్రమే. రైతు నోట దానికి మరో పేరు ఉంటే అదే సూచికకెక్కాలి. ఏ ఊళ్లో విన్నారో, ఎంత వయసువారు చెప్పారో పక్కనే రాయండి. మరో ఊళ్లో ఇంకొకరు అడిగి సరిచూసేదాకా దాని ముందు ప్రశ్నార్థకం ఉంచండి.